పైన ఎవరూ లేని లోకంలో దేశాల లెక్కలు

2022 ఫిబ్రవరి 25. రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగి అప్పటికి రెండో రోజు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి సమావేశమైంది. రష్యా వెంటనే సైన్యాన్ని వెనక్కి తీసుకోవాలన్న తీర్మానం మీద ఓటింగ్ జరిగింది. మండలిలో ఉన్న 15 దేశాల్లో 11 అవునన్నాయి. చైనా, భారత్, యూఏఈ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. కాదన్నది ఒక్క రష్యానే. వీటో ఉన్న దేశం కాబట్టి ఆ ఒక్క చెయ్యి చాలింది, తీర్మానం వీగిపోయింది. దీంట్లో ఇంకో విచిత్రం ఉంది. మండలి అధ్యక్ష స్థానం నెలకో దేశం చొప్పున మారుతూ ఉంటుంది. ఆ ఫిబ్రవరిలో అది రష్యాదే. ఎవరి మీద ఆరోపణో వాళ్లే సభ నడిపారు, వాళ్లే ఓటేశారు, వాళ్లే కొట్టేశారు.

ఇలాంటివి చూసి "ఐక్యరాజ్య సమితి శుద్ధ దండగ" అనేసేవాళ్లు చాలామంది. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ దాని వెనక ఒక నమ్మకం దాగి ఉంది. దేశాలన్నిటికీ పైన ఎక్కడో ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఆయన తన పని చేయడం లేదు అని. అసలు చిక్కంతా అక్కడే. ఆ పెద్దమనిషి లేడు, ఏనాడూ లేడు. వీధిలో ఇద్దరు కొట్టుకుంటే పోలీసులకు ఫోన్ చేస్తాం. కేసు కోర్టుకెళ్తుంది, తీర్పు నచ్చకపోయినా అమలవుతుంది. రెండు దేశాలు కొట్టుకుంటే ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. ఉన్న వేదికలన్నీ దేశాలు తమలో తాము కుదుర్చుకున్నవి. తమకు ఇష్టమైనంత మేరకే వాటికి అధికారం ఇచ్చుకున్నాయి.

ప్రపంచ రాజకీయాలు చదవడం మొదలుపెట్టినవాళ్లకు సార్వభౌమాధికారం, బలం, భద్రత, పరస్పర ఆధారం, ధర్మబద్ధత అంటూ వరసగా పాఠాలు వస్తాయి. విడివిడిగా చూస్తే పరీక్ష కోసం బట్టీ పట్టాల్సిన నిర్వచనాల్లా ఉంటాయి. నా లెక్కలో ఇవన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగేవే. పైన ఎవరూ లేనప్పుడు, ఒక దేశం మాట ఇంకో దేశం ఎందుకు వింటుంది?

జెండా ఎగరేస్తే దేశమైపోతుందా?

మొదట సార్వభౌమాధికారం. నా సరిహద్దు లోపల చివరి మాట నాదే, బయటివాళ్లు వేలు పెట్టడానికి వీల్లేదు అనేది దీని సారం. దీనికి పుట్టిల్లు 1648 నాటి వెస్ట్‌ఫేలియా ఒప్పందాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన ఒప్పందాలవి. ఆ పత్రాల్లో ఈ సిద్ధాంతం ఇంత స్పష్టంగా ఎక్కడా లేదని, తర్వాతి తరాలే దాన్ని వాటికి అంటగట్టాయని చరిత్రకారులు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. అయినా 1648 పాఠాల్లోంచి కదల్లేదు, ఇప్పట్లో కదిలేలా కూడా లేదు. సూటిగా రాసి పెట్టింది కావాలంటే 1945 నాటి ఐక్యరాజ్య సమితి చార్టర్‌ చూడాలి. సభ్యదేశాలన్నీ సమానమని, ఒక దేశం భూభాగం మీద ఇంకో దేశం బలప్రయోగం చేయకూడదని, బలం చూపించి బెదిరించనూ కూడదని అందులో రెండో అధికరణం చెబుతుంది. అప్పుడు 51 దేశాలు సంతకం చేశాయి. ఇప్పుడు సభ్యులు 193.

మరి దేశం అనిపించుకోవడానికి ఏం ఉండాలి? 1933లో మాంటెవిడియోలో కుదిరిన ఒప్పందం నాలుగు చెప్పింది: స్థిరంగా ఉండే జనాభా, ఫలానా అని చూపగల భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహారాలు నడపగల సత్తా. వినడానికి చక్కగా ఉంది. ఇప్పుడు ఆఫ్రికా ఈశాన్య కొమ్ము దగ్గరికి వెళ్లి చూద్దాం.

1991లో సోమాలియాలో సియాద్ బారె ప్రభుత్వం కూలిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి రాజధానిలోనే సరైన ప్రభుత్వం లేదు. సాయుధ ముఠాలు దేశాన్ని పంచుకున్నాయి. అయినా ఐక్యరాజ్య సమితిలో సోమాలియా సభ్యత్వం చెక్కుచెదరలేదు, మ్యాపుల్లో దాని రంగు మారలేదు. అదే 1991లో ఉత్తరాన ఉన్న సోమాలిలాండ్ తనను తాను స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంది. సొంత కరెన్సీ, సొంత పాస్‌పోర్టు, సొంత పోలీసులు పెట్టుకుంది, ఎన్నికలు జరుపుకుంది. ఓడిన అధ్యక్షుడు కుర్చీ దిగి ఇంటికెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. మాంటెవిడియో పరీక్ష పెడితే ఆ రోజుల్లో సోమాలియా కన్నా సోమాలిలాండ్‌కే ఎక్కువ మార్కులు పడేవి. కానీ 2025 చివరిదాకా, మూడు దశాబ్దాలకు పైగా, ఐక్యరాజ్య సమితి సభ్యదేశం ఒక్కటి కూడా దాన్ని గుర్తించలేదు.

సార్వభౌమాధికారంలో రెండు పొరలు ఉన్నాయని ఇక్కడ తేలిపోతుంది. నేల మీద పట్టు ఒకటి, మిగతా దేశాల గుర్తింపు ఇంకొకటి. రెండూ ఒకచోట ఉంటే గొడవ లేదు. విడిపోయినప్పుడే తలనొప్పి. తైవాన్‌కు సైన్యం, ఎన్నికలు, కరెన్సీ, ప్రపంచం మొత్తం ఆధారపడే చిప్ పరిశ్రమ అన్నీ ఉన్నాయి. కానీ 1971లో ఐక్యరాజ్య సమితిలోని చైనా సీటు దాని చేతిలోంచి బీజింగ్‌కు వెళ్లిపోయాక దాన్ని అధికారికంగా గుర్తించే దేశాలు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు పట్టుమని పదిహేను కూడా లేవు. గుర్తింపు లేకపోతే ఏం పోతుందని అడగొచ్చు. ప్రపంచ బ్యాంకు అప్పు రాదు, చాలా అంతర్జాతీయ సంస్థల్లో ఓటు ఉండదు, సరిహద్దు దాటి ఎవరైనా సైన్యంతో వస్తే చార్టర్‌లోని రెండో అధికరణాన్ని చూపించి న్యాయం అడగడానికి గొంతు కూడా బలంగా పెగలదు.

కొసావో కథ ఇంకా తమాషా. 2008లో అది సెర్బియా నుంచి విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. అమెరికా వెంటనే గుర్తించింది. రష్యా ససేమిరా అంది, సెర్బియా సార్వభౌమాధికారాన్ని తొక్కేశారంది. ఆ ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదని 2010లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. నాలుగేళ్లు తిరిగేసరికి రష్యా క్రిమియాను కలిపేసుకుంది. అప్పుడు పుతిన్ తన ప్రసంగంలో చూపించిన ఉదాహరణ ఏమిటో తెలుసా? కొసావోనే. తాను ఈనాటికీ గుర్తించని కొసావోను! అవతల అమెరికా కూడా కొసావోది ప్రత్యేకమైన కేసు, దాన్ని ఇంకెక్కడా వాడొద్దు అంటూ వచ్చింది. సూత్రాలు అందరివీ ఒకటే, అవి గుర్తొచ్చే టైమే వేరు.

బలం ఎక్కడ ఉంటుంది?

బలం అనగానే ట్యాంకులు, విమానాలు, అణ్వాయుధాలు లెక్కపెట్టడం అలవాటు. ఆ లెక్క పనికిరాదని కాదు. ప్రపంచంలోని అణ్వాయుధాల్లో తొంభై శాతానికి దగ్గరగా రెండు దేశాల చేతుల్లోనే ఉన్నాయంటే దానికి ఫలితాలు ఉంటాయి. కానీ ఆ లెక్కతోనే అన్నీ తేలితే వియత్నాంలో అమెరికా ఓడిపోకూడదు, అఫ్గానిస్తాన్ నుంచి సోవియట్ సైన్యం 1989లో ఖాళీ చేతులతో వెళ్లకూడదు, అదే దేశం నుంచి 2021లో అమెరికా అలా హడావుడిగా బయటపడకూడదు. చేతిలో ఉన్న వనరులు వేరు, వాటితో ఎదుటివాళ్ల చేత అనుకున్నది చేయించుకోవడం వేరు. పోరాటం ఎవరికి ప్రాణసమానమో, ఎవరికి దూరదేశపు వ్యవహారమో అన్నది ట్యాంకుల లెక్కలో కనబడదు.

1990లో జోసెఫ్ నై అనే అమెరికన్ పండితుడు సాఫ్ట్ పవర్ అనే మాట తెచ్చాడు. బెదిరించకుండా, డబ్బివ్వకుండా, ఎదుటివాళ్లు తమంతట తామే మనలా ఉండాలనుకునేలా చేయడం. సంస్కృతి, విశ్వవిద్యాలయాలు, విలువలు, సినిమాలు ఇందులోకి వస్తాయి. ఈ మాటకు దొరికినంత ప్రచారం ఇంకే భావనకూ దొరకలేదు. నాకైతే దాన్ని అవసరానికి మించి మోస్తున్నారనిపిస్తుంది. ఒక దేశపు పాటలు ఇష్టపడేవాళ్లు ఆ దేశపు విదేశాంగ విధానాన్ని తిట్టిపోయడం రోజూ చూస్తున్నదే.

దానికన్నా లోతైనది, తక్కువగా కనబడేది ఇంకోటి ఉంది. ఆట నియమాలు రాసే బలం. దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధినే (ఐఎంఎఫ్) తీసుకుందాం. అక్కడ దేశానికో ఓటు కాదు. వాటా ఎంత ఉంటే ఓటు బరువు దాదాపు అంత. అమెరికా ఓటు బరువు సుమారు 16.5 శాతం. చూడ్డానికి మైనారిటీయే. కానీ వాటాలు మార్చడం, నిబంధనావళి సవరించడం లాంటి పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు పడాలి. తీసివేత చేసి చూడండి. ప్రపంచంలో మిగతా దేశాలన్నీ ఒక్కటైనా 85 అందవు. వీటో అన్న పేరు లేకుండానే వీటో. 2010లో చైనా, భారత్, బ్రెజిల్ లాంటి దేశాల వాటా పెంచాలని ద్రవ్యనిధిలో అందరూ ఒప్పుకున్నారు. అమెరికా కాంగ్రెస్ ఆమోదం కోసం ఆ సంస్కరణ 2015 డిసెంబర్ దాకా ఆగింది. ఐదేళ్లు ఒక్క తూటా పేలలేదు, ఒక్క బెదిరింపు ప్రకటన రాలేదు. ఫైలు కదల్లేదు, అంతే.

బలం గురించి ఎక్కడ చదివినా ఈ ప్రశ్న వేసుకుంటే సగం విషయం అర్థమవుతుంది: ఎవరు గెలిచారన్నది సరే, అసలు ఏది చర్చకు రావాలో, ఏది రాకూడదో ఎవరు తేల్చారు?

భయం పెంచే భద్రత

పైన ఎవరూ లేరు కాబట్టి ఎవరి రక్షణ వాళ్లే చూసుకోవాలి. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. నేను నా రక్షణ కోసమే ఆయుధాలు కొంటాను. పక్కవాడికి నా మనసు కనబడదు, ఆయుధాలే కనబడతాయి. వాడూ కొంటాడు. అది చూసి నాకు టెన్షన్ మొదలవుతుంది. ఇంకొన్ని కొంటాను. ఇద్దరిలో ఎవరికీ యుద్ధం చేసే ఉద్దేశం లేకపోయినా ఇద్దరూ మునుపటి కన్నా ప్రమాదంలో పడతారు. దీన్నే సెక్యూరిటీ డైలమా అంటారు.

పుస్తకాల్లో దీనికి ఎప్పుడూ చూపించే ఉదాహరణ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్, జర్మనీల నౌకల పోటీ. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే యుద్ధనౌకను నీళ్లలోకి దించింది. దాని ఫిరంగులు, వేగం ముందు అప్పటిదాకా కట్టిన యుద్ధనౌకలన్నీ పాతసామాను అయిపోయాయి. వాటిలో బ్రిటన్ సొంత నౌకలు కూడా ఉన్నాయి, ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ నౌకలున్నది దానికే మరి. అంటే తన ఆధిక్యాన్ని తానే తుడిచేసి, జర్మనీకి దాదాపు మొదటి గీత నుంచి పందెం మొదలుపెట్టే అవకాశం ఇచ్చినట్టయింది. జర్మనీ అందుకుంది. 1909 నాటికి బ్రిటన్ జనం ఎనిమిది నౌకలు కావాలి, ఆగేది లేదని నినాదాలిచ్చారు. నౌకాదళం ఆరు అడిగితే, ఖర్చు చూసుకునేవాళ్లు నాలుగు చాలంటే, చివరికి ఎనిమిదికి రాజీ పడ్డామని చర్చిల్ తర్వాత ఎద్దేవా చేశాడు. అప్పుడు నాలుగు చాలన్న వర్గంలో ఆయనా ఒకడు.

ఈ ఉచ్చు నుంచి బయటపడే దారులు లేకపోలేదు. 1962లో క్యూబా క్షిపణుల సంక్షోభంలో ప్రపంచం అణుయుద్ధం అంచుల దాకా వెళ్లినప్పుడు, వాషింగ్టన్, మాస్కోల మధ్య ఒక్కో సందేశం చేరి, అనువాదమై, అర్థం కావడానికి గంటలు పట్టేది. మరుసటి ఏడాదే రెండు రాజధానుల మధ్య హాట్‌లైన్ పెట్టుకున్నారు. నమ్మకం కుదిరి కాదు. నమ్మకం లేదు కాబట్టే, కనీసం పొరపాటున చావకుండా ఉండటానికి. తర్వాత వచ్చిన ఆయుధ నియంత్రణ ఒప్పందాల్లో తనిఖీల గురించి పేజీలకు పేజీలు రాసుకున్నది కూడా ఇందుకే.

ఇక బలాల సమతూకం. ఒకడు మరీ పెరిగిపోతుంటే మిగతావాళ్లు జట్టు కట్టడం. ఇది పాత సంగతే. పొరుగువాడు సహజ శత్రువు, ఆ పొరుగువాడికి అవతలి పొరుగువాడు సహజ మిత్రుడు అని లెక్క గీసిన కౌటిల్యుడి మండల సిద్ధాంతం ఇలాంటి ఆలోచనే. ఆ లెక్క ఇప్పటికీ చాలాచోట్ల పనిచేస్తుంది, కొన్నిచోట్ల బొత్తిగా పనిచేయదు. పనిచేయని చోటే ఆసక్తికరం.

అమెరికా, కెనడాల సరిహద్దు దాదాపు 8,900 కిలోమీటర్లు. ప్రపంచంలో అంతకన్నా పొడవైన సరిహద్దు ఏ రెండు దేశాల మధ్యా లేదు. దానికి ఒక వైపు అణ్వాయుధాల గుట్ట, ఇంకో వైపు ఒక్కటీ లేదు. లెక్క ప్రకారం కెనడాకు నిద్ర పట్టకూడదు. దశాబ్దాలపాటు హాయిగా నిద్రపోయింది. ఆయుధం ఎవరి చేతిలో ఉందో, వాళ్లను మనం ఏమనుకుంటున్నామో అన్నదే దాని అర్థాన్ని నిర్ణయిస్తుందని వాదించే పండితులను నిర్మాణవాదులు అంటారు. బలమే అన్నీ తేలుస్తుందనే వాస్తవికవాదులు, వ్యాపారం, సంస్థలు దేశాలను దారిలో పెడతాయనే ఉదారవాదులు ఈ మాటకు నవ్వేవాళ్లు. 2025లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కెనడాను 51వ రాష్ట్రం చేస్తామని పదే పదే అన్నాడు. ఒక్క క్షిపణి కదల్లేదు, ఒక్క సైనికుడు సరిహద్దుకు రాలేదు. అయినా కెనడాలో దుకాణాల నుంచి అమెరికన్ మద్యం తీసేశారు, ఆటల ముందు అమెరికా జాతీయగీతం వస్తే జనం గోల చేశారు, ఆ ఏడాది ఎన్నికల అంచనాలే తిరగబడ్డాయి. ఆయుధాలు అవే, మాటలు మారాయి. ఈ విషయంలో నిర్మాణవాదులకు ఒక మార్కు ఎక్కువ ఇవ్వక తప్పదు.

ఒకరి మీద ఒకరు ఆధారపడితే

వ్యాపారంతో పెనవేసుకున్న దేశాలు కొట్టుకోవన్నది పాత ఆశ. 1914కు ముందు బ్రిటన్, జర్మనీలు ఒకదానికొకటి పెద్ద వ్యాపార భాగస్వాములు. అయినా కొట్టుకున్నాయి. అయితే ఆ ఆశ పూర్తిగా అబద్ధమూ కాదు. 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిసి తమ బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఉమ్మడి సంస్థ కిందికి తెచ్చాయి. ఆయుధాలు తయారయ్యేది బొగ్గు, ఉక్కులతోనే కాబట్టి, అవి ఉమ్మడిగా ఉంటే రహస్యంగా యుద్ధానికి సిద్ధపడటం కుదరదన్నది ఎత్తుగడ. అది పెరిగి పెరిగి యూరోపియన్ యూనియన్ అయింది. 1870 నుంచి 1945 మధ్య మూడుసార్లు యుద్ధం చేసుకున్న ఫ్రాన్స్, జర్మనీలు మళ్లీ యుద్ధం చేసుకోవడం ఇప్పుడు ఊహకు కూడా అందదు.

అదే నమ్మకంతో జర్మనీ రష్యా గ్యాస్‌కు పైపులైన్లు వేసుకుంది. 2021లో యూరోపియన్ యూనియన్ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో 40 శాతానికి పైగా రష్యాదే. గ్యాస్ కొంటుంటే రష్యా మెత్తబడుతుందనుకున్నారు. గ్యాస్ అమ్ముతున్నాం కాబట్టి యూరప్ నోరెత్తదని మాస్కోలో లెక్కేసుకున్నట్టుంది. రెండు లెక్కలూ తప్పాయి. యూరప్ నానా తిప్పలు పడి ఖరీదైన గ్యాస్ కొనుక్కుంది, రష్యా తన పెద్ద ఖాతాదారును పోగొట్టుకుంది.

బొగ్గు, ఉక్కు ఎందుకు పనిచేసింది, గ్యాస్ ఎందుకు పనిచేయలేదు? మొదటిదాంట్లో ఇద్దరి మెడలూ ఒకే ఉమ్మడి సంస్థ చేతిలో ఉన్నాయి. రెండోదాంట్లో ఎవరు ఎవరి మెడ పట్టుకున్నారన్నది బేరానికి వదిలేశారు. ఆధారపడటంలో సమానత్వం లేకపోతే తక్కువ ఆధారపడ్డవాడికి అది బలమవుతుందని రాబర్ట్ కియోహేన్, జోసెఫ్ నై 1977లోనే చెప్పారు.

దీన్ని ఇంకా దగ్గర నుంచి చూడాలంటే నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ కంపెనీ యంత్రాన్ని చూడాలి. అత్యాధునిక చిప్పుల మీద గీతలు గీసే ఈయూవీ యంత్రం ప్రపంచంలో ఆ ఒక్క కంపెనీయే తయారు చేసి అమ్ముతుంది. కరిగిన తగరం బిందువులను సెకనుకు 50 వేల చొప్పున రాలుస్తూ, ఒక్కో బిందువునూ లేజర్‌తో కొడితే వచ్చే కాంతి అందులో కలం. ఆ కాంతిని మళ్లించే అద్దాలు జర్మనీలోని జైస్ కంపెనీవి. కాంతిని పుట్టించే పరిజ్ఞానం చాలావరకు అమెరికాలోని శాన్ డియాగోలో ఏఎస్‌ఎంఎల్ కొన్న కంపెనీ నుంచి వచ్చింది. ఈ యంత్రాన్ని చైనాకు అమ్మొద్దని అమెరికా ఒత్తిడి తెచ్చింది, డచ్ ప్రభుత్వం ఎగుమతి లైసెన్సు ఇవ్వలేదు. చైనా దగ్గర డబ్బుంది, ఇంజినీర్లు ఉన్నారు, అవసరం ఉంది. యంత్రం లేదు. అవతలి వైపు చూస్తే, ప్రపంచంలో అరుదైన ఖనిజాల శుద్ధిలో సింహభాగం చైనాది. 2025లో అది వాటి ఎగుమతిని బిగించేసరికి కార్ల ఫ్యాక్టరీలకు ఊపిరాడలేదు. ప్రపంచీకరణ వేసిన రోడ్లన్నిటి మీదా ఇప్పుడు చెక్‌పోస్టులు వెలుస్తున్నాయి. చెక్‌పోస్టు పెట్టదగ్గ జాగా ఎవరి చేతిలో ఉందో వాళ్లదే బేరం.

నలుగురూ ఒప్పుకోవాలి

ఇక ఎక్కువమంది తేలిగ్గా తీసుకునే భావన, నా దృష్టిలో అన్నిటికన్నా లోతైనది: ధర్మబద్ధత. చేసిన పని సరైనదేనని నలుగురూ ఒప్పుకోవడం. చట్టానికి ఇది దగ్గరి చుట్టమే కానీ రెండూ ఒకటి కాదు. 1999లో కొసావోలో హింసను ఆపడానికంటూ నాటో 78 రోజులు బాంబులు వేసింది. భద్రతా మండలి అనుమతి లేదు. తర్వాత రిచర్డ్ గోల్డ్‌స్టోన్ నాయకత్వంలోని స్వతంత్ర కమిషన్ దాన్ని పరిశీలించి, ఆ చర్య చట్టవిరుద్ధం, అయినా ధర్మబద్ధం అని తేల్చింది. ఈ మాట మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. దీనికి తలకిందుల ఉదాహరణ లిబియా. 2011లో పౌరుల రక్షణ కోసం సైనిక చర్యకు భద్రతా మండలి అనుమతి ఇచ్చింది. పది ఓట్లు అనుకూలం, ఐదు దూరం, వ్యతిరేకం సున్నా. చట్టం పక్కాగా ఉంది. కానీ పౌరుల రక్షణగా మొదలైంది లిబియా పాలకుడు గడాఫీ పతనంతో ముగిసేసరికి, మమ్మల్ని మోసం చేశారని రష్యా, చైనా మండిపడ్డాయి. ఆ ఏడాది అక్టోబర్ నుంచి సిరియా మీద వచ్చిన తీర్మానాలను వరసగా వీటో చేస్తూ పోయాయి. లిబియాలో ఖర్చయిన నమ్మకానికి మూల్యం చెల్లించింది సిరియా ప్రజలు.

బలమే అంతా అయితే 2003లో ఇరాక్ మీద దాడికి ముందు అమెరికా విదేశాంగ మంత్రి భద్రతా మండలికి వెళ్లి ఫొటోలు, టేపులు చూపించాల్సిన పనేముంది? దాడి చేసే శక్తి ఎలాగూ ఉంది. అయినా వెళ్లారు. చూపించిన ఆధారాలు తర్వాత నిలబడలేదు, అమెరికా మాట విలువ ఏళ్లపాటు కోలుకోలేదు. నలుగురూ సరేనంటే మిత్రులు వస్తారు, స్థావరాలు దొరుకుతాయి, ఖర్చు పంచుకునేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకపోతే ప్రతి అడుగుకూ డబ్బో, బెదిరింపో పెట్టుకోవాలి. అందుకే ఎంత మొండి ప్రభుత్వమైనా చేసిన పనికి ఒక కారణం అల్లుకుని వస్తుంది. ఉక్రెయిన్‌లోకి దిగుతూ రష్యా కూడా ఆత్మరక్షణ హక్కునిచ్చే చార్టర్ 51వ అధికరణాన్నే ఉదహరించింది.

అన్నట్టు, అంతర్జాతీయ చట్టాన్ని ఎవరూ పాటించరన్నది కూడా సగం మాటే. మనం వార్తల్లో చూసేది విరిగిన చోట్లనే. 1874 నుంచి ఒక దేశం స్టాంపు అంటించిన ఉత్తరాన్ని ఇంకో దేశం బట్వాడా చేస్తోంది, విమానాలు రోజూ ఇతర దేశాల గగనతలం మీదుగా ఎగురుతున్నాయి. ఓజోన్ పొరను కాపాడే 1987 మాంట్రియల్ ఒప్పందంలో ఐక్యరాజ్య సమితి సభ్యదేశాలన్నీ చేరాయి. అందులో చేరని దేశంతో ఆ రసాయనాల వ్యాపారం బంద్ అని షరతు పెట్టారు, పేద దేశాలకు నిధి పెట్టారు, ప్రత్యామ్నాయ రసాయనాలు కూడా అందుబాటులోకి వచ్చాయి. చేరితే లాభం, చేరకపోతే నష్టం అయ్యేలా కట్టారు. 2015 పారిస్ వాతావరణ ఒప్పందంలో లక్ష్యం ఎవరిది వాళ్లే రాసుకుంటారు, తప్పితే శిక్ష లేదు. అమెరికా దాంట్లోంచి బయటికొచ్చి, మళ్లీ చేరి, మళ్లీ బయటికి నడిచింది. బొగ్గు, చమురు వదలడం రిఫ్రిజిరేటర్‌లో గ్యాస్ మార్చినంత తేలిక కాదు కాబట్టి రెండిటినీ ఒకే గాటన కట్టలేం, అది వేరే సంగతి.

ఉలాన్‌బాతర్‌లో అన్నీ ఒకేసారి

ఈ భావనలన్నీ ఒకేచోట ముడిపడ్డ ఘట్టం ఒకటి ఉంది. 2023 మార్చిలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పుతిన్ మీద అరెస్టు వారంట్ జారీ చేసింది. ఉక్రెయిన్ పిల్లలను అక్రమంగా రష్యాకు తరలించారన్నది అభియోగం. ఆ కోర్టుకు సొంత పోలీసులు లేరు. నిందితుడు సభ్యదేశంలో అడుగుపెడితే పట్టి అప్పగించాల్సింది ఆ దేశమే.

2024 సెప్టెంబర్‌లో పుతిన్ మంగోలియా వెళ్లాడు. మంగోలియా 2002 నుంచి ఆ కోర్టు సభ్యదేశం. అప్పటికి ఆ కోర్టు న్యాయమూర్తుల్లో ఒకరు మంగోలియా వాళ్లే. రాజధాని ఉలాన్‌బాతర్‌లో పుతిన్‌కు ఎర్ర తివాచీ పరిచారు, గుర్రాల మీద సైనికులు వందనం చేశారు. అరెస్టు ఊసే లేదు. మంగోలియాకు సముద్రం లేదు, రెండే పొరుగుదేశాలు, రష్యా, చైనా. తమ పెట్రో ఉత్పత్తుల్లో 95 శాతం, కరెంటులో 20 శాతానికి పైగా పొరుగు నుంచే వస్తాయని ఆ ప్రభుత్వ ప్రతినిధి దాపరికం లేకుండానే చెప్పాడు. ఇష్టపడి సంతకం చేసిన సార్వభౌమ దేశానికి ఆ సంతకాన్ని నిలబెట్టుకునేంత స్వేచ్ఛ లేదన్నమాట. మంగోలియా తన బాధ్యత తప్పిందని కోర్టు ఆ అక్టోబర్‌లో తేల్చి, విషయాన్ని సభ్యదేశాల సభకు పంపింది. అంతకు మించి చేయగలిగింది లేదు.

ఇక్కడితో ఆపేస్తే వారంట్ చిత్తుకాగితం అనిపిస్తుంది. కానీ అంతకు ఏడాది ముందు, 2023 ఆగస్టులో, జొహానెస్‌బర్గ్‌లో బ్రిక్స్ (బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికాల కూటమి) శిఖరాగ్ర సమావేశం జరిగింది. దక్షిణాఫ్రికా కూడా కోర్టు సభ్యదేశమే. పుతిన్ వస్తే అరెస్టు చేయక తప్పదంటూ అక్కడి ప్రతిపక్షం న్యాయస్థానానికెక్కింది, ప్రభుత్వం నెలల తరబడి ఇరకాటంలో పడింది. ఆతిథ్యం ఇస్తున్నది మిత్రదేశమే, వేదిక రష్యాకు అనుకూలమైనదే. చివరికి రష్యా విదేశాంగ మంత్రి లవ్రోవ్ వచ్చాడు. పుతిన్ మాస్కో నుంచి వీడియోలో మాట్లాడాడు.